మంచుపెట్టెలోని పొదుపు

మదనపల్లె టమాటా మార్కెట్టు ధరలను పత్రికలలో చూచుచుండువారికి ఒక వింత చిరపరిచితము. ఒక ఋతువున కోతకూలియు బండిబాడుగయు గిట్టక రైతు తన పంటను బాటప్రక్కనే కుమ్మరించి పోవును. మరికొన్ని నెలలకే ఆ పండు పట్టణమున అపురూపమై కూర్చుండును. 2023 జూలైలో కిలో టమాటా ధర 150 రూపాయలు దాటినప్పుడు, పప్పులోనికిని చారులోనికిని చింతపండే గతియైన ఇండ్లు తెలుగునాట లెక్కకు మిక్కిలి. అగ్గువనాడు అమ్మువాడును, పిరమునాడు కొనువాడును నష్టపోవు ఈ వ్యవహారమున మనము చేయగలిగినది మిక్కిలి స్వల్పమే యైనను, ఆ స్వల్పమునకు వలసిన సాధనము చాల ఇండ్లలో ఇదివరకే ఉన్నది. అది ఫ్రిజ్జు పైభాగమున, ఐసుముక్కలకును పిల్లల ఐస్‌క్రీమునకును మాత్రమే నోచుకొని, తక్కిన చోటెల్ల తెల్లని మంచు పేరుకొని, ఏడాది పొడుగున కరెంటు త్రాగుచున్న ఫ్రీజరు.

నిలువచేయుట తెలుగువారికి క్రొత్తగా నేర్పవలసిన విద్య కాదు. వేసవి యెండలలో వడియములు, అప్పడములు. మామిడికాయ దిగిన నెలలో ఆవకాయ, మాగాయ. చవుకగా దొరికిన కూరగాయలతో ఒరుగులు. సముద్రతీరమున ఎండుచేపలు—ఇన్నింటిని ఎరిగిన జాతి మనది. అయితే ఉప్పునకును ఎండకును నూనెకును ఒక సామాన్య లక్షణము కలదు: అవి పదార్థమును నిలుపునవియే కాని, నిలుపుటలో దాని స్వభావమును మార్చివేయును. ఆవకాయలోని ముక్క పచ్చి మామిడికాయ రుచిని ఈయదు; ఒరుగుల పులుసులో లేతవంకాయ దొరకదు. చలి యొక్కటే పదార్థమును ఇంచుమించు దాని స్వరూపముననే నిలుపును. అట్లని అది అమృతము కాదు. మంచిదానిని మంచిగాను, చెడినదానిని చెడినట్లుగాను నిలుపుటయే దాని పని. బాగుచేయుట దానికి చేతకాదు. ఈ యొక్క సూత్రమును మనసున నుంచుకొన్నవారికి తక్కిన నియమములన్నియు చెప్పకయే స్ఫురించును.

ఐక్యరాజ్య సమితి పర్యావరణ కార్యక్రమము 2024లో ప్రకటించిన నివేదికను బట్టి, 2022వ సంవత్సరమున ప్రపంచమందు వ్యర్థమైన ఆహారము 105 కోట్ల టన్నులు. అందు నూటికి అరువది పాళ్లు పోయినది హోటళ్లనుండియు అంగళ్లనుండియు కాదు, ఇండ్లనుండియే. మన దేశమున ఇండ్లలో వ్యర్థమగునది తలకు ఏటికి సుమారు 55 కిలోలని ఆ నివేదిక అంచనా. ఈ లెక్కలో తొక్కలును ఎముకలును గూడ చేరియున్న మాట నిజమే. అయినను కుళ్లిన కొత్తిమీర కట్టయు, నాలుగవనాటి సాంబారును, మూలబడి బూజుపట్టిన కొబ్బరిచిప్పయు అందులో తక్కువ పాలు కావని ప్రతి వంటింటికిని తెలియును.

ఓడమీద వచ్చిన చలి

చలిని ధరపెట్టి కొనుట మన ప్రాంతమునకు పందొమ్మిదవ శతాబ్దమున వచ్చిన వేడుక. బోస్టను నగరపు వర్తకుడు ఫ్రెడరిక్ ట్యూడర్, శీతకాలమున అక్కడి చెరువులపై పేరుకొన్న మంచును పలకలుగా కోయించి, రంపపుపొట్టులో పొదిగి, 1833లో ఓడమీద కలకత్తాకు పంపెను. నాలుగు నెలల ప్రయాణములో కొంత కరగిపోయినను మిగిలినది చక్కగా అమ్ముడుపోయెను. ఆ వ్యాపారమునకై మద్రాసు సముద్రతీరమున కట్టిన ఐస్ హౌస్ నేటికిని నిలిచియున్నది. 1897లో స్వామి వివేకానందుడు బసచేసిన భవనమదియే. నాటి మంచు దొరల పానీయములను చల్లబరచుటకు వచ్చినది. దానితో ఆహారమును నెలలకొలది నిలువచేసికొను ఊహ మన యిండ్లకు ఇంకను రాలేదు.

ఆ యూహను గృహస్థుని అంగడివరకు తెచ్చినవాడు క్లారెన్స్ బర్డ్స్ఐ. 1912లో నేటి కెనడాలోని లాబ్రడారు ప్రాంతమునకు పోయిన ఈ అమెరికనుడు, అచ్చటి ఇన్యూట్ ప్రజలు పట్టిన చేప మైనస్ 40 డిగ్రీల గాలి సోకినంతనే బిగుసుకొనుటయు, నెలలు గడచిన పిమ్మట వండినను అప్పుడు పట్టినదాని రుచినే ఇచ్చుటయు గమనించెను. చేపలను గడ్డకట్టించి అమ్మువారు అంతకు పూర్వమును లేకపోలేదు. కాని అవి కరగునప్పుడు నీరోడి, కండ చప్పబడి, తినుటకు ఇంపుగా నుండెడివి కావు. లోపము చలిలో లేదనియు, అది మెల్లగా పట్టుటలో నున్నదనియు గ్రహించి, పొట్లములను చల్లని లోహపు పలకల నడుమ అదిమి త్వరితముగా గడ్డకట్టించు యంత్రమును అతడు నిర్మించెను. 1930 మార్చిలో మసాచుసెట్స్ రాష్ట్రపు స్ప్రింగ్‌ఫీల్డులో ఆ సరుకు మొదటిసారిగా చిల్లర అమ్మకమునకు వచ్చినది. మన దేశమున గోద్రెజ్ సంస్థ ఫ్రిజ్జును తయారుచేయుట 1958లో మొదలైనది. నేడు కోస్తా జిల్లాల చెరువులలో పెరిగిన రొయ్య, కర్మాగారములలో మైనస్ 40 డిగ్రీల చలికి గడ్డకట్టి, సముద్రములు దాటి అమెరికావారి బల్లమీదికి పోవుచున్నది; భీమవరపు రొయ్యకు దక్కిన ఆ మర్యాద మన వంటింటి బఠాణీకి ఇంకను దక్కవలసియున్నది.

గడ్డకట్టునప్పుడు ఏమి జరుగును?

నీరు సున్న డిగ్రీలకు దిగినంత మాత్రమున మంచు కాజాలదు. సున్న డిగ్రీల నీటిని సున్న డిగ్రీల మంచుగా మార్చుటకై దానినుండి లాగవలసిన వేడి, అంతే నీటిని 80 డిగ్రీలనుండి సున్నకు చల్లార్చుటకు లాగవలసిన వేడితో సమానము. కూరగాయలలో అధికభాగము నీరే గావున, ఫ్రీజరు చేయు కష్టమంతయు ఈ ఘట్టముననే. ఈ ఘట్టము ఎంత ఆలస్యమైన అంత పెద్ద మంచుస్ఫటికము లేర్పడి, వాడియైన అంచులతో కణముల గోడలను చీల్చును; త్వరగా ముగిసెనా స్ఫటికములు సూక్ష్మములై కణము చెక్కుచెదరదు. రెండు కిలోల కూరను ఒక పెద్ద డబ్బాలో ముద్దగా కూరి పెట్టుటకును, అదే కూరను పావుకిలో వంతున పలుచని పొట్లములుగా పరచి పెట్టుటకును గల భేదమంతయు ఇచ్చటనే ఉన్నది. ఇంటి ఫ్రీజరునకు కర్మాగారపు బలము లేదు గనుక, పలుచదనముతో ఆ లోటును మనమే పూరింపవలెను.

చలికి లొంగి మందగించునవి రెండు. మొదటివి సూక్ష్మజీవులు. మైనస్ 18 డిగ్రీల యొద్ద అవి పెరుగజాలవు; కాని చావవు, నిద్రించును. కరగినవెంటనే మేల్కొని విడిచిన పనిని అందుకొనును. కాబట్టి ఇక రేపు పాడగునని తోచిన కూరను ఫ్రీజరులోనికి నెట్టుట వలన లాభము లేదు. రెండవవి ఎంజైములు, కోసిన పిమ్మటను కాయలో పనిచేయుచు రంగును రుచిని పోగొట్టు రసాయనములివి. చలి వీనిని మెల్లబరచునే కాని ఆపదు. ఆపవలెనన్న ముందుగా వేడినీటి స్నానము కావలెను. బజారున దొరకు గడ్డకట్టిన బఠాణీ నిగనిగలాడుచు నుండుటకును, మనము పచ్చిగా పెట్టినది కొన్ని నెలలకు గడ్డివాసన వేయుటకును కారణమిదియే.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. ఫ్రిజ్జు తలుపుమీద అంటించిన నక్షత్రములు విద్యుత్తు పొదుపును తెలుపునవి, ఫ్రీజరు చలిని తెలుపునవి కావు. ఒంటితలుపు ఫ్రిజ్జులోని చిన్న మంచుఅర అన్నివేళల మైనస్ 18 డిగ్రీలవరకు దిగదు. అందు పెట్టినదానిని ఒకటి రెండు నెలలలో వాడుకొనుట మేలు. ఫ్రీజరుకు వేరుగా తలుపున్న ఫ్రిజ్జులలో కూరగాయలు ఆరు నెలలకు పైగాను, వండిన కూరలు రెండు మూడు నెలలును రుచి చెడక నుండును.

ఏ ఋతువున నేది?

పొదుపునకు మూలము ఋతువును ఎరిగి కొనుట. పుష్యమాఘములలో పచ్చి బఠాణీ బండ్లకొలది దిగును. ఒలిచిన గింజలను తెర్లుచున్న నీటిలో పోసి, నీరు మరల తెర్లిన పిదప రెండు నిమిషములకు మించనీయక చిల్లులగిన్నెలోనికి వంచి, వెంటనే ఐసునీటిలో ముంచవలెను. గింజ రంగు కంటి యెదుటనే పచ్చగా తేరును. అంతట గుడ్డమీద తడి ఆరనిచ్చి, వెడల్పైన పళ్లెములో ఒంటివరుసగా పరచి, పళ్లెమును అట్లే ఫ్రీజరులో రెండు మూడు గంటలుంచినచో గింజలు గోళీలవలె విడివిడిగా గట్టిపడును. అప్పుడు సంచికెత్తినయెడల ఒక్క గడ్డగా కరచుకొనక, ఉప్మాకు గుప్పెడు కావలసిన నాడు గుప్పెడే రాలును. రాయలసీమవారు చలికాలమున ప్రీతితో వండుకొను అనపగింజలకును, నానబెట్టి పితికి తీసిన పప్పునకును ఇదియే పద్ధతి.

టమాటాకు ఇంత శ్రమ అక్కరలేదు. గట్టిపండ్లను కడిగి తుడిచి, తొడిమ తీసి, నిండుపండ్లుగనే సంచిలో వేసి పెట్టవచ్చును. కావలసిన నాడు తీసి కొళాయి నీటిక్రింద ఒకమారు త్రిప్పినచో తొక్క తనంతట ఊడివచ్చును. కరగిన పండు మెత్తబడును గనుక ముక్కలు కోసి పచ్చిగా తినుటకు పనికిరాదు; పప్పునకును చారునకును పచ్చడికిని ఆ మెత్తదనము దోషము కాదు.

గోంగూరను పచ్చిగా పెట్టుటకంటె, కొద్ది నూనెలో మగ్గబెట్టి, చల్లార్చి, ఒక పూట పప్పునకు సరిపడు ముద్దలుగా పెట్టుట మంచిది. వేసవి తొలినాళ్లలో కొద్దివారములు మాత్రమే కనబడు చింతచిగురును, అరచేతుల నడుమ నలిపి, పుల్లలు ఏరి, పొడిగా సంచికెత్తినచో వానకాలమునను చింతచిగురు పప్పు లభించును. పచ్చిమిరపకాయలు తొడిమ తీసి, కరివేపాకు కడిగి పూర్తిగా ఆరబెట్టి పెట్టవచ్చును. కరివేపాకు కరగినచో నల్లబడును గావున దానిని చలిలోనుండి తిన్నగా తాలింపులోనికే వేయవలెను. కొబ్బరికాయ కొట్టిన నాడు మిగిలిన చిప్పను కోరి చిన్న పొట్లములు కట్టుట, నిమ్మకాయలు చవుకైనప్పుడు రసము పిండి ఐసుగళ్ల పలకలో పోయుట, అల్లము వెల్లుల్లి ముద్దను చెంచా ప్రమాణమున పెట్టుట—ఇవి నిత్యవ్యయమును తగ్గించు చిన్న మార్గములు. శరత్కాలపు పాలమూరు సీతాఫలమునకు మాత్రము వేడి తగులరాదు, గుజ్జు చేదెక్కును. గింజలు తీసి పచ్చిగనే గట్టిగా మూసి పెట్టవలెను.

చేపలను, రొయ్యలను శుభ్రముచేసి ఒక పూటకు వలసినంతగా విడదీసి పెట్టుట ఆవశ్యకము. ఒలిచిన రొయ్యలను డబ్బాలో వేసి మునుగునంత నీరు పోసి గడ్డకట్టించినయెడల గాలి సోకదు. గాలి సోకుటయే ఫ్రీజరులోని ప్రధాన శత్రువు. మూతలేని మాంసముపై మంచు నీరు కాకయే ఆవిరియై పోవుటచేత తెల్లని మచ్చలు పడి, ఆ భాగము ఎండి బిరుసెక్కును; దానివలన జబ్బు రాదు గాని రుచి పోవును. సంచిలోని గాలిని తీయుటకు యంత్రము అక్కరలేదు. పదార్థము నింపిన సంచిని మూతి మునుగకుండ నీటిగిన్నెలో దింపినచో నీటి ఒత్తిడికి గాలి పైకి పోవును; అప్పుడు మూతి బిగించి, సంచిని తుడిచి పెట్టవలెను. ద్రవపదార్థములకు ఇందుకు భిన్నముగా కొంత ఖాళీ విడువవలెను. నీరు మంచైనప్పుడు నూటికి తొమ్మిది పాళ్లు ఉబ్బును గనుక నిండుగా పోసిన గాజుసీసా పగులును.

వండినది మిగిలినప్పుడు

మిగిలిన వంట విషయమున కాలమే కీలకము. ఐదు డిగ్రీలకు పైన, అరువది డిగ్రీలకు లోపల సూక్ష్మజీవులకు పండుగ. అందుచే వండిన పదార్థము రెండు గంటలకు మించి, మన వేసవిలో గంటకు మించి, బయట నుండరాదు. రాత్రియంతయు గట్టుమీద నుండిన అన్నమును ఉదయము ఫ్రీజరులో పెట్టుట ప్రమాదము. అన్నములో ఉడుకునకు చావని బీజరూపపు సూక్ష్మజీవులు కొన్ని గలవు, అవి గోరువెచ్చదనమున మొలకెత్తి విడుచు విషము మరల కాచినను పోదు. తినగా మిగులునని తోచిన అన్నమును ముందే తీసి, పళ్లెమున పలుచగా పరచి ఆరనిచ్చి, చిన్న డబ్బాలకెత్తవలెను. ఫ్రిజ్జు క్రిందిఅరలో రెండు దినములలో గట్టిపడి పలుకెక్కు మెతుకు, ఫ్రీజరునుండి తీసి ఆవిరిమీద వెచ్చబెట్టినచో మరల మెత్తబడుట పరీక్షించి చూడదగినది.

ఉడికిన పప్పు, సాంబారు, మాంసపుకూర, ఇడ్లీలు, చపాతీలు, పండుగనాడు మిగిలిన పూర్ణము—ఇవన్నియు చలికి బాగుగ నోర్చును. ఇడ్లీపిండికంటె ఇడ్లీలను పెట్టుట మేలు. కరగిన పిండి వెనుకటివలె పొంగదు. ఓర్వనివియు కలవు. పెరుగు, మజ్జిగపులుసు విరిగిపోవును. బంగాళాదుంప ముక్క ఇసుకపట్టినట్లగును. కీర, ముల్లంగి చప్పబడును. ఉడికిన గుడ్డు తెల్లసొన సాగును. పచ్చిగుడ్డు పెంకుతో పెట్టిన పగులును.

కరగించుట గడ్డకట్టించుటంతటి ముఖ్యకార్యము. ముందురాత్రి ఫ్రిజ్జు క్రిందిఅరలోనికి దింపుట ఉత్తమము. తొందరైనచో మూతిబిగిసిన సంచిని చల్లని నీటిలో నుంచుట మధ్యమము. కోడిమాంసమును గట్టుమీద పెట్టి మరచుట అధమము. కూరగాయలను కరగింపనక్కరయే లేదు, తిన్నగా బాణలిలో వేయవచ్చును. బయట కరగినదానిని మరల గడ్డకట్టింపరాదు.

వేసవిలో కరెంటు పోవు ఊళ్లవారికి ఒక చిన్న ఉపాయము. గిన్నెడు నీటిని గడ్డకట్టించి, దానిమీద ఒక రూపాయి నాణెమునుంచి ఫ్రీజరులోనే వదలవలెను. ఊరికి పోయి వచ్చినప్పుడు నాణెము పైననే యున్నచో నిశ్చింత. అడుగునకు దిగియున్నచో మీరు లేనప్పుడు మంచంతయు నీరై మరల మంచైనదని అర్థము, అప్పుడు లోపలి మాంసమును చేపలను పారవేయుటయే క్షేమము. కరెంటు లేనంతసేపు తలుపు తీయకుండుటయే అన్నిటికంటె మేలైన రక్ష. నిండిన ఫ్రీజరు ఖాళీదానికంటె చాలసేపు చలిని పట్టియుంచును.

లెక్క చూచినచో

ఇంతకును మిగులునదెంత? కిలో నీటిని 30 డిగ్రీలనుండి మైనస్ 18 వరకు తెచ్చుటకు తీయవలసిన వేడి సుమారు 120 కిలోకెలరీలు, అనగా యూనిట్టులో ఏడవవంతు. ఫ్రిజ్జు తాను ఖర్చుచేయు విద్యుత్తుకంటె ఎక్కువ వేడిని లాగగల యంత్రము గావున దీనికగు కరెంటు అంతకంటెను తక్కువ. నడుచుచున్న ఫ్రీజరులో కిలో బఠాణీని పెట్టుటకు రూపాయి కూడ పట్టదన్న మాట. దానిని రేయింబవళ్లు నడుపుటకగు ఖర్చు మాత్రము అది నిండియున్నను ఖాళీగానున్నను తప్పనిది. కాబట్టి ఉన్న ఫ్రీజరును నింపుకొనుట లాభము. ఏటికి నాలుగు పొట్లములు దాచుటకై వేరొక డీప్ ఫ్రీజరును కొనుట నష్టము. చవుకగా వచ్చినదని తినని కూరను పది కిలోలు కొనుటయు నష్టమే.

అమెరికాలోని పిల్లలయొద్ద కొన్ని నెలలుండి వచ్చు మన తల్లులకు ఈ విద్య చక్కగా అలవడినది. తిరుగుప్రయాణమునకు ముందు వారమంతయు వండి, చల్లార్చి, డబ్బాలకెత్తి, మూతలమీద పేర్లంటించి, "అమ్మాయ్, పప్పుచారు ముందు వాడేయ్, కోడికూర సంక్రాంతి దాకా ఉంటుంది" అని అప్పగింతలు పెట్టి వత్తురు. అదే తల్లి ఇంటికి వచ్చిన పిమ్మట తన ఫ్రీజరులో పేరులేని నల్లసంచులను పెంచుకొనుట విచిత్రము. అచ్చట ఫలించినది వంట మాత్రమే కాదు, మూతమీది చీటీ. ఏ పొట్లమున నేమున్నదో, ఏనాటిదో తెలియని యింట అది బయటికి రాదు. బయటికి రాని పొట్లము పొదుపు కాదు, ఆలస్యముగా పారవేయబడు చెత్త మాత్రమే.

కావున చదువరులకు ఒక మనవి. క్రొత్త సరుకు కొనుటకు ముందు ఈ వారమే మీ ఫ్రీజరును ఒకమారు ఖాళీచేసి, పేరుకొన్న మంచును కరగించి తుడిచి, గుర్తుపట్టలేని పొట్లములను నిర్దాక్షిణ్యముగా పారవేయుడు. తలుపుమీద ఒక కాగితము అంటించి, లోపలికి పోవుదాని పేరును తేదీని వ్రాసి, బయటికి వచ్చినదానిని కొట్టివేయుడు. వారమునకొక పూట అంగడికి పోక ఆ కాగితమును చూచియే వంట నిర్ణయింపుడు. నెల తిరిగినప్పుడు కూరగాయల ఖర్చును వెనుకటి నెలతో పోల్చి చూచినచో, ఈ శ్రమ మీ యింటికి తగినదో కాదో ఆ లెక్కయే చెప్పగలదు.